మగ్గం గుంతలో పాతింది

సత్యవ్వకు నెత్తురు ఆగక ఏడాది దాటింది. పాత చీరలన్నీ చింపి వాడేసింది. మగ్గం మీద చెడిపోయిన గుడ్డ ముక్కలు మొగుడు రాజం తెచ్చి ఇస్తే అవీ వాడేసింది. నేతగాడి పెళ్లాం కాబట్టి గుడ్డకు మాత్రం కరువు లేదు, అదొక్కటే అదృష్టం అనుకోవాలి. కోరుట్లలో అక్క రాజక్క ఇంటికి పోయినప్పుడు ఒక డాక్టరమ్మకు చూపించుకుంది. గర్భసంచి నిండా గడ్డలున్నాయి, తీసెయ్యకపోతే ప్రాణానికే మోసం, జగిత్యాలకు పొమ్మని ఆవిడ చెప్పింది.

ప్రాణానికి మోసం అంటే సత్యవ్వ అంతగా భయపడలేదు. ఆమె భయమంతా అత్త లసుమవ్వ గురించే. చందుర్తి పక్కనున్న వాళ్ల పల్లెలో లసుమవ్వ నోటికి జడవని మనిషి లేడు. సత్యవ్వకు ఇద్దరూ ఆడపిల్లలే, నీల, రాధ. మూడో కాన్పులో మనవడు పుడతాడని లసుమవ్వ పొద్దున పొయ్యి ముట్టించేటప్పుడు ఒకసారి, బీడీలు చుట్టేటప్పుడు పదిసార్లు అంటుంది. ఇబ్రహీంపట్నంలో ఉన్న లసుమవ్వ తమ్ముడు కొమురయ్యకు పెళ్లీడుకొచ్చిన కూతురుంది. ఆ పిల్ల పేరు ఇంట్లో ఈ మధ్య మరీ ఎక్కువగా వినిపిస్తోంది. అత్త ఎందుకు తలుస్తోందో సత్యవ్వకు ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని లేదు.

అందుకే జగిత్యాలకు బయలుదేరే ముందు మొగుణ్ని మగ్గం దగ్గర నిలదీసింది.

"అత్తమ్మకు కడుపుల గడ్డ తీసిన్రని చెప్పు. సంచి తీసిన్రని తెల్సిందనుకో, ఆ పిల్ల మెడల నీతోని పుస్తె కట్టిస్తది. నేను సచ్చినట్టే లెక్క."

రాజం మెతక మనిషి. రోజంతా అతని మగ్గం మాట్లాడిన దాంట్లో సగం కూడా అతను మాట్లాడడు. అడ్డపోగు నడిపే నాడె చేతిలోకి తీసుకుని, "దీని మీద ఒట్టు, నా నోట రాదు" అన్నాడు. నేతగాడు నాడె మీద ఒట్టేస్తే ఇక తిరుగులేదు. ఆ ఒట్టు ఎంత దూరం లాక్కుపోతుందో ఆ పూట ఇద్దరికీ తెలియదు.

ఒంట్లో నెత్తురు లేదని జగిత్యాల నర్సింగ్‌హోంలో మొదట ఆపరేషనే చెయ్యనన్నారు. మందులు మింగించారు, సూదులు పొడిచారు, చివరికి రాజం నెత్తురే ఒక సీసా తీసి ఆమెకు ఎక్కించారు. సత్యవ్వ ఆ ఎర్రటి గొట్టం వంక చూస్తూ, ఈ మనిషి నెత్తురు కూడా మాట్లాడకుండానే పోతోంది అనుకుంది. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మరునాడు పరగడుపున లోపలికి తీసుకుపోయారు.

తీసిన సంచిని ఆయా అజీజాబీ పళ్లెంలో పెట్టి తెచ్చి రాజానికి చూపించింది. చూపించడం అక్కడ ఆనవాయితీ, లేకపోతే తియ్యలేదని జనం గొడవకు దిగుతారట. రాజం గోడ పట్టుకుని నిలబడి, దీన్నేం చేస్తారని అడిగాడు.

"బయట కుప్పల పడేస్తరు బేటా. కుక్కలు ఎత్కపోతయ్. మావోళ్లల్ల అయితే పాతిపెడ్తరు. నీకు మనసుంటే తీస్కపో" అంది అజీజాబీ.

మత్తులోంచి లేచిన సత్యవ్వ మొదట అడిగింది దాని గురించే. కుక్కలనే మాట వినగానే మొహం తిప్పుకుంది. తర్వాత, "ఇంటికి తీస్కపో. నా పిల్లలు పెరిగింది అండ్ల. కుక్కల పాలు చెయ్యకు" అంది. ఆమె కోసం జావ తెచ్చిన స్టీలు టిఫిన్ డబ్బానే రాజం కడిగి తెచ్చాడు. అజీజాబీ ఉప్పు అద్ది, తెల్ల గుడ్డలో చుట్టి, అందులో పెట్టి మూత బిగించింది. కోరుట్ల నుంచి వచ్చిన రాజక్కను సత్యవ్వ దగ్గర ఉంచి అతను బస్సెక్కాడు.

ఆ రోజుల్లో బస్సులో టిఫిన్ డబ్బా కనబడితే జనానికి అన్నం గుర్తొచ్చేది కాదు. అడవిలోని అన్నలు అందులో మందు కూరి పేలుస్తున్నారని పోలీసులు ప్రతి మలుపులోనూ బస్సాపి డబ్బాలు విప్పించేవాళ్లు. రాజం అదృష్టమో దురదృష్టమో, ఆ పూట ఎవరూ ఆపలేదు. కానీ అతను డబ్బాను కింద పెట్టలేదు, పైన పెట్టలేదు, దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడని తర్వాత అదే బస్సులో వచ్చిన ఊరివాడొకడు పదిమందికి చెప్పాడు.

పిల్లలు పుట్టినప్పుడు మాయ పాతిపెట్టిన చోటు పెరట్లో ఉంది. అక్కడ తవ్వితే తల్లి చూస్తుంది. అందుకని రాజం మగ్గం గుంతను ఎంచుకున్నాడు. నేతగాడు కాళ్లు పెట్టుకునే ఆ గుంతలోకి ఇంట్లో ఇంకెవరూ దిగరు. తల్లి చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి పోయిన వేళ చూసి, గడ్డపారతో గుంత మూల తవ్వి, డబ్బాను లోతుగా పెట్టి పూడ్చాడు. కొత్త మన్ను చూసి లసుమవ్వ అడిగితే పందికొక్కు తవ్విందన్నాడు. కానీ మగ్గం ఆగిపోయిన ఇంట్లో గడ్డపార చప్పుడు వాడకట్టంతా విన్నది.

సత్యవ్వను ఇంటికి తెచ్చేటప్పుడు నర్సింగ్‌హోం డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. వంగొద్దు, బరువెత్తొద్దు, బిందెడు నీళ్లు కూడా తోడొద్దు, దగ్గు వస్తే కడుపు మీద దిండు అదిమి పట్టుకుని దగ్గమంది. గడ్డపార సంగతి మాత్రం చెప్పలేదు. పాపం, ఆవిడకేం తెలుసు.

కుట్లు విప్పడానికి ఇంకా గడువుండగానే పక్క ఊరి కల్వర్టు కింద మందుపాతర పేలింది. జీపు ముక్కలైంది, అందులోని పోలీసుల కాళ్లూ చేతులూ పొలాల్లో ఏరుకున్నారు. మరునాడు పొద్దున్నే పోలీసులు ఊరి మీద పడ్డారు. ఎదురుపడ్డ మగవాణ్నల్లా కొట్టారు, అడ్డొచ్చిన ముసలాళ్లను తన్నారు. ఎవరు చెప్పారో గానీ, ఒళ్లోని డబ్బా కథా గడ్డపార చప్పుడు కథా కలిసి ఒకే కథయింది, పోలీసులు నేరుగా రాజం ఇంటికి వచ్చారు.

ఎస్సై మగ్గం గుంతలోకి తొంగిచూశాడు, మూలన మన్ను రంగు వేరుగా ఉంది.

"ఏం పాతిపెట్టావురా?"

"ఏం లేదు సారూ. పందికొక్కు బొక్క పూడ్చిన."

"అయితే తవ్వు."

రాజం కదల్లేదు. గడపలో తల్లి నిలబడి చూస్తోంది. మంచం మీద పెళ్లాం చూస్తోంది. అతను తలవంచుకున్నాడు. పోలీసులకు అదే సాక్ష్యమైంది. తవ్వితే పేలుతుందని వీడికి తెలుసు, అందుకే తవ్వడం లేదు. అన్నలు ఆయుధాలు పాతి దాచే డంపులు పోలీసులు తమ చేత్తో తవ్వరు, కింద మందు పెట్టి ఉంటుందని ఊరివాళ్ల చేతే తవ్విస్తారు.

ముందు లాఠీలు విరిగాయి. తర్వాత ఒకడు కత్తి తీసి మగ్గం మీది పడుగును అడ్డంగా కోసేశాడు. పోగులన్నీ ఒక్కసారిగా జారి వేలాడాయి. రాజం అప్పుడు మొదటిసారి అరిచాడు, అదీ మగ్గం కోసం. అతన్ని వాకిట్లోకి ఈడ్చి, కుడిచేయి గడపరాయి మీద పెట్టించి, మణికట్టు మీద బూటు వేసి తొక్కారు.

"డంపు ఎవరిది? తవ్వుతావా, లేదా?"

తుపాకి మడమ దిగింది. వేళ్లు చిట్లిన చప్పుడు సత్యవ్వ విన్నది. చెప్పబోయి ఆగింది. గడపలో అత్త ఉంది. చెబితే మొగుడు బతుకుతాడు, కానీ అతను ఇంకొకతె మొగుడవుతాడు. ఈ లెక్క ఆమె బుర్రలో తిరిగినంతసేపే రెండోసారి మడమ దిగింది. ఆ రెండో దెబ్బ తన ఖాతాలోదని ఆమె చచ్చేదాకా మరిచిపోలేదు.

"ఆగుండ్రి!" అని కేక పెట్టింది. "నేను చెప్త. బాంబు గాదు సారూ, తుపాకి గాదు. గది నా గర్భసంచి. జగిత్యాలల కోసి తీసిన్రు. డబ్బల పెట్టి పాతినం. గంతే సారూ, మీ కాళ్లు మొక్కుత, ఆయినెను ఇడువుండ్రి."

"వద్దే..." అన్నాడు రాజం నేల మీద నుంచి. ఆ స్థితిలో కూడా ఒట్టు గురించే అతని గోల.

పోలీసులు నవ్వారు. ఒకడైతే తుపాకి గోడకు ఆనించి మరీ నవ్వాడు. ఎస్సై నవ్వలేదు.

"కథ బాగా చెప్పావు. అయితే నువ్వే తవ్వు. పేలితే నువ్వే పోతావు."

"సారూ, కోడలు పచ్చి పుండు మీదున్నది. నేను తవ్వుత" అంటూ లసుమవ్వ ముందుకొచ్చింది. ఒకడు ముసలిదాని జుట్టు పట్టుకుని వెనక్కి విసిరేశాడు. చెప్పినదే తవ్వాలన్నాడు ఎస్సై. పోలీసులంతా గోడ అవతలికి పోయి బోర్లా పడుకున్నారు.

సత్యవ్వ మంచం దిగింది. కడుపు మీద కట్టిన గుడ్డను బిగించుకుంది. గుంత అంచున కూర్చుని జారి, లోపలికి దిగి, గడ్డపార ఎత్తింది. మొదటి పోటుకే కళ్లు బైర్లు కమ్మాయి. మూల మీద పొడిచింది, మళ్లీ పొడిచింది. కడుపు అడుగున ఏదో పుటుక్కుమని, తొడల మీదికి వెచ్చగా కారింది. గడ్డపార పడేసి మోకాళ్ల మీద కూలబడి గోళ్లతో తవ్వింది. ఏడవలేదు. ఏడిస్తే కడుపు ఇంకా చిరుగుతుందని కాదు, అంత కోపం మీదుంది. డాక్టరమ్మ మీద, దేవుడి మీద, ఎస్సై మీద, అందరికంటే తన మీదే కోపం.

డబ్బా చేతికి తగిలింది. పైకెత్తి, గుంత అంచు మీద పెట్టి, మూత ఊడబెరికింది. వాసన వాకిలి దాటింది.

"రాండ్రి సారూ! సూడుండ్రి! మొగోళ్లు గోడ ఎనక పండితే ఎట్ల? మీరు గూడ గిసొంటి సంచిల నుంచే గద వచ్చింది!"

ఎస్సై ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. చూశాడు. నమ్మకం కుదరక, అడుగున ఇంకేదైనా ఉందేమోనని బూటు మొనతో డబ్బాను బోర్లించాడు. గుడ్డ విప్పుకుని, ఉన్నదేదో మట్టిలో పడింది. గోడ దగ్గర నవ్విన పోలీసు అక్కడే కక్కుకున్నాడు. ఎస్సై ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచాడు. జీపులు పోయాయి. తప్పయిందని ఒక్కడూ అనలేదు. వాకిలి బయట మూగిన వాడకట్టుకు సత్యవ్వ కడుపులో ఏముందో ఏం లేదో మొత్తం తెలిసిపోయింది.

లసుమవ్వ నెత్తుటి మొహంతో లేచి వచ్చింది. మట్టిలో పడినదాని వంక చూసింది, కోడలి వంక చూసింది. ఇక అయిపోయిందనుకుంది సత్యవ్వ. అత్త చెయ్యెత్తి కోడలి చెంప మీద ఛెళ్లున ఒకటి కొట్టింది.

"నాకు చెప్తే పీక పిస్కుదునానే? నా కొడుకు చెయ్యి తిన్నవు గదనే!"

కొట్టిన చేత్తోనే ఆమె చంకల కింద పట్టి పైకి లాగింది. తన కొంగు చింపి, కారుతున్న కడుపుకు అడ్డంగా బిగించి కట్టింది. తర్వాత మట్టిలోనిదాన్ని వట్టి చేతులతో ఎత్తి, నీళ్లు చల్లి, డబ్బాలో పెట్టి పెరట్లోకి నడిచింది. "రాజం, నీ మాయ గూడ గీడనే ఉన్నది కొడుకా" అంటూ మనవరాళ్ల మాయలు పాతిన చోటే తానే తవ్వి పాతింది. ఈసారి ఎవరికీ దాచలేదు.

ఇద్దరినీ ఒకే బండిలో వేసి సిరిసిల్లకు తీసుకుపోయారు. సత్యవ్వకు మళ్లీ కుట్లు పడ్డాయి, చీము పట్టింది, జ్వరం ఎక్కి చావు అంచుదాకా పోయి వచ్చింది. రాజం చేతికి పిండికట్టు వేశారు. వేళ్లు మళ్లీ తిన్నగా రావన్నారు. ఇంటికొచ్చాక రెండు మంచాలూ పక్కపక్కనే వేసి లసుమవ్వ ఇద్దరికీ చాకిరీ చేసింది. కోడలికి బాలింతకు కట్టినట్టు నడికట్టు కట్టేది, వెల్లుల్లి కారంతో అన్నం పెట్టేది, బిందె ముట్టుకుంటే చేతులు ఇరగ్గొడతానని తిట్టేది. తిట్లలో మనవడి మాట మాత్రం రాలేదు. అది రానందుకే సత్యవ్వకు భయం. అత్త ఏదో మనసులో పెట్టుకుందని ఎదురుచూసింది.

చివరికి ఇబ్రహీంపట్నం నుంచి కొమురయ్య దిగాడు. కబురు అక్కడికీ చేరిందన్నమాట. మంచాల ముందే పీట వేసుకుని కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, అయిందేదో అయింది. ఇగ కోడలికి సంతు గాదని తేలిపాయె. మా పిల్ల సంగతి నువ్వే ఎత్తితివి గద. ముహూర్తం సూద్దామా?"

రాజం గోడ వైపు తిరిగాడు. లసుమవ్వ చేతిలో అన్నం గిన్నె ఉంది.

"తమ్మీ," అంది, "దీని సంచి దాసనీకి వీడు ఒక చెయ్యి ఇరగ్గొట్టుకున్నడు. నీ బిడ్డను గూడ చేసుకుంటే రెండో చెయ్యి గూడ పోగొట్టుకోవాల్నారా? ఇగ వీడు దేంతోని తింటడు?"

కొమురయ్య చాయ్ పూర్తిగా తాగకుండానే లేచాడు.

"ఆయినెకు నేను తినిపిస్త అత్తమ్మా" అంది సత్యవ్వ.

"తినిపిస్తవు, తినిపిస్తవు. ముందుగాల నువ్వు లేసి కూసో. నోరు తెరువ్" అని లసుమవ్వ మంచం అంచున కూర్చుని ముద్ద కలిపింది.