గంగ భుజం మీద వేళ్ళు

శివకుమార్ నర్సీపట్నం నుంచి జీపు దిగి మా స్టూడియోలో అడుగుపెట్టిన రోజు నుంచీ నాకు కడుపుమంట. దాచుకోవడం ఎందుకు, ఉన్నమాటే చెబుతున్నాను. ఫోటోలో మనిషిని వెనకున్న గోడల నుంచీ చెట్ల నుంచీ విడదీయాలంటే చింతపల్లి మొత్తానికి నేనొక్కదాన్నే. ఏడేళ్ళు. మౌస్‌తో చుక్క చుక్కా పెట్టుకుంటూ జుట్టు చివరి దాకా కత్తిరించేదాన్ని. ఒక్క మనిషికి గంట పట్టేది.

రెండువేల ఎనిమిదిలో వాడు కొత్త సాఫ్ట్‌వేర్ సీడీ పట్టుకొచ్చాడు. అందులో క్విక్ సెలక్షన్ అని ఒకటుంది. పెళ్ళికూతురి మీద బ్రష్ అలా రాస్తే చాలు, మనిషి ఎక్కడి దాకా ఉందో అదే కనిపెట్టి చుట్టూ గీత గీసేస్తుంది. అర నిమిషం పని. ఓనరు వెంకటరావు గారు లేచొచ్చి మరీ చూశారు.

"ఏటి నీలవేణీ, ఇన్నాళ్ళూ గంటల తరబడి ఏటి సేసినావు మరి?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మాఘమాసం పెళ్ళి ఆల్బమ్‌లు ఒకరికే ఇస్తాననీ, రెండోవాళ్ళు జిరాక్స్ మిషన్ దగ్గర కూర్చోవాలనీ కూడా చెప్పేశారు.

ఆ వారమే సంత రోజున పోలయ్య వచ్చాడు. పైన కాఫీ తోటల ఊరు. భార్య గంగ పోయి పది రోజులైంది. ఆమెది ఒక్కటే ఫోటో ఉంది, ఇద్దరూ పక్కపక్కన నిలబడి తీయించుకున్నది.

"మా ఇంటిదాన్ని ఒక్కదాన్నే పెద్దది సేసీండి బాబూ. వచ్చే సంతకొస్తాను," అన్నాడు.

శివకుమార్ బ్రష్ రాశాడు. గంగ వచ్చేసింది, వెనక నీలం రంగు పడింది, ప్రింటు కూడా తీసేశాడు. నేను చూశాను. ఆమె ఎడమ భుజం మీద నాలుగు వేళ్ళున్నాయి. పోలయ్యవి. ఆ టూలు వాటినీ ఆమెలో కలిపేసుకుంది.

పోయినవాళ్ళ ఫోటోకి దండ వేస్తారు. బతికున్నవాళ్ళ గోరు కూడా అందులో ఉండకూడదు. ఈ పనిలో మొదటి రోజు నేర్చుకునేది అదే. చెప్పొచ్చు కదా? చెప్పలేదు. పోలయ్యే వచ్చి అందరి ముందూ వాణ్ణి కడిగేయనీ అనుకున్నాను. అంతటితో ఊరుకోలేదు. వాడు టీకి వెళ్ళినప్పుడల్లా కూర్చుని, నా పద్ధతిలో గంగని కత్తిరించాను. వేళ్ళు తీసేసి, అక్కడ చీర నేత పోగు పోగూ అతికాను. అంత బాగా కుదిరిన పని నా చేతుల్లో మరొకటి లేదు. ప్రింటు తీసి దాచుకున్నాను.

పోలయ్య వచ్చి శివకుమార్ ఇచ్చిన ప్రింటు చాలాసేపు చూశాడు.

"ఇది నా సెయ్యి," అన్నాడు.

శివకుమార్ ముఖం పాలిపోయింది. నేను చటుక్కున నా ప్రింటు ముందుకు తోశాను. "ఇది తీసుకో తాతా. ఇందులో నీ చెయ్యి లేదు."

ఆయన రెండూ బల్ల మీద పెట్టుకుని చూశాడు. "నువ్వు సేసినావా పాపా? బాగుంది," అన్నాడు. నా ఆనందం అంతా ఇంతా కాదు. తర్వాత నా ప్రింటు మెల్లగా నా వైపే జరిపాడు.

"ఆ రోజు ఫ్లాష్‌కి బయపడిపోయింది గంగ. నాను సెయ్యేస్తేనే నిలబడింది. ఇందులో దాన్ని ఒక్కదాన్నీ ఒగ్గీసి ఎల్లిపోయినట్టుంది. ఒద్దు."

"మరి దండ వేస్తే?" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"నా సెయ్యి మీద కూడా పడనీ."

ఆల్బమ్‌లు శివకుమార్‌కే వెళ్ళాయి. తప్పు చేసినా వాడికే కలిసొచ్చింది, ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. కానీ జిరాక్స్ మిషన్ పక్కన కూర్చుంటే ఒక్కటే గుర్తొస్తుంది. ఏడేళ్ళలో ఎన్ని భుజాల మీంచి ఎన్ని చేతులు తీసేశానో, ఆనవాలు కూడా లేకుండా. ఉంచమంటారా అని ఒక్కర్నీ అడగలేదు.