మధుసూదన చతుష్పథం

చొప్పదండి అవతల ఆ ఊళ్లో నాలుగు తోవలు కలిసేచోటును అందరూ చౌరస్తా అనేవారు. ఆ మాట దయాకర్‌రావుకు గిట్టేది కాదు. వెట్టి పోయింది, సగం భూమి పోయింది, కోటలాంటి దొరల గడిలో గబ్బిలాలు చేరాయి. అవన్నీ దిగమింగుకున్నాడు. కానీ పెద్దదొర అనిపించుకున్న తండ్రి మధుసూదన్‌రావు పోయాక ఊళ్లో ఒక్కరూ ఆయన పేరెత్తకపోవడం మాత్రం సహించలేకపోయాడు. ఆ పేరు రోజూ జనం నోట్లో నానాలి. అదొక్కటే అతని కోరిక.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడాది చౌరస్తా నడిమధ్యన నిలువెత్తు రాయి పాతించి, ఉపన్యాసం దంచాడు.

"చౌ అంటే నాలుగు. అది మన సంస్కృతం 'చతుర్' నుంచి పుట్టిందే. రస్తా మాత్రం ఫార్సీ మాట. సర్కారే మారింది, మాట మారొద్దా? ఇగ గిది మధుసూదన చతుష్పథం!"

జనం మహా శ్రద్ధగా విన్నారు. చివర్లో బెల్లం పంచుతారని చాటింపు వేయించాడు మరి.

"గంత పేరు మాకు నోరు తిరుగుతదా దొరా? పెద్దదొర కాడ అంటం" అన్నాడు ఇస్తారి. పెద్దదొర హయాంలో అక్కడే చెప్పులు నెత్తిన పెట్టుకుని నడిచిన రైతు అతను.

"గట్లనే అనుండ్రి" అని మురిసిపోయాడు దయాకర్‌రావు.

అంత చదివినా అతనికి ఒక సంగతి తెలియదు. ఊళ్లో ఎవరికి దిష్టి తీసినా ఆ ఉప్పు, మిరపకాయలు, ఎర్రనీళ్లు పారబోసేది నాలుగు తోవలు కలిసేచోటే. గడిలో పుట్టినవాడు, తన దిష్టి ఎవరు ఎక్కడ పారబోశారో ఏనాడడిగాడు?

వారం తిరక్కముందే ఆ మాట ఊరంతా పాకింది. చంటిపిల్ల గుక్కపెడితే "పెద్దదొర కాడ పారబోసి రా." బర్రె పాలివ్వకపోతే "పెద్దదొర కాడ పడేసి రా." రాయి చుట్టూ పసుపన్నం, కుండపెంకులు, కోసిన నిమ్మకాయలు. అంత నిత్యపూజ ఊళ్లో ఏ దేవుడికీ లేదు. కాపలాకు మొండయ్యను పెడితే, అతనూ కొడుకు దిష్టి అక్కడే పారబోశాడు.

ఒక సాయంత్రం దయాకర్‌రావు చిన్నకొడుక్కి ఒళ్లు కాలిపోయింది. దయాకర్‌రావు తల్లి నిర్మలాదేవి మనవడికి ఎర్రనీళ్లు దిగదుడిచి, పళ్లెం పనిమనిషి సారక్క చేతికిచ్చింది. మొగుడి పేరు బతుకంతా నోటితో పలకని ఇల్లాలు ఆమె.

"పో సారక్కా, ఆయన కాడ పారబోసి రా."

గడపలో ఉన్న దయాకర్‌రావు పళ్లెం లాక్కుందామని చెయ్యి చాపాడు. లోపల పిల్లవాడు మూలిగాడు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, సారక్కకు తోవ ఇచ్చాడు.

"అవ్వా, నీకు దండం పెడత" అన్నాడు తల్లితో. "చౌరస్తా అను."