గోడకి ఆనుకున్న మనిషి

కుమారి పొద్దున్నే లేచాక మొదట చేసే పని, మొగుడు ఏ గోడ దగ్గరున్నాడో చూసుకోవడం. చీపురు పట్టేది ఆ తర్వాతే. సత్తియ్య పోయి మూడో ఏడు నడుస్తోంది. మనిషి వెళ్లిపోయాడు గాని, ఆయన తల ఆనించిన నూనె మరక మాత్రం గవరపాలెంలోని ఆ రెండు గదుల ఇల్లు వదిలి వెళ్లలేదు. సరిగ్గా ఆయన నిలబడితే తల తగిలేంత ఎత్తులో, కొబ్బరికాయంత గుండ్రంగా, ఒకరోజు ఈ గోడ మీద, ఇంకోరోజు ఆ గోడ మీద కనబడేది. అది ఎక్కడ ఉంటే అక్కడ మురికి ఉందని లెక్క.

బతికున్నన్నాళ్లూ సత్తియ్య బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేశాడు. తలకి ఇంత కొబ్బరి నూనె దట్టించుకుని వెళ్లేవాడు, ఒంటినిండా బెల్లం వాసనతో వచ్చేవాడు. మంచివాడే. కాకపోతే ఇంటి పనిలో పుల్ల తీసి పక్కన పెట్టిన పాపాన పోలేదు. కుమారి ఊడుస్తుంటే గోడకి తల ఆనించి నిలబడి, తీరిగ్గా చూసి, చూసి, "ఆ మూల ఇంకా ఉంది" అనేవాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆయన చేసిన సాయం ఆ మాట ఒక్కటే. కోపం పట్టలేక ఆమె చీపురు విసిరికొట్టిన రోజులూ ఉన్నాయి. చీపురు తగలకుండా తప్పుకుని, ఇంకో గోడకి ఆనుకుని, మళ్లీ అదే మాట అనేవాడు.

పెద్దకర్మ అయిపోయి చుట్టాలు వెళ్లిపోయిన మర్నాడు, ముందుగది గోడ మీద ఉండాల్సిన మరక వంటింట్లో ఉల్లిపాయల బుట్ట పైన కనబడింది. కుమారి కాసేపు నిలబడి చూసింది. బుట్ట వంచితే అడుగున రెండు ఉల్లిపాయలు కుళ్లి నీరు కారుతున్నాయి. "పోయినా ఈ మనిషి బుద్ధి పోలేదు" అనుకుంది. ఆ రోజే మొదటిసారి కడుపారా ఏడ్చింది. ఏడ్చాక బుట్ట కడిగి ఎండలో పెట్టింది.

అప్పటినుంచీ అదే వరస. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. ఎదురింటి దేముడమ్మ నీళ్లు పట్టుకోవడానికి వచ్చినప్పుడల్లా పలకరింపుగా అడిగేది.

"బావ ఈయేల ఎక్కడున్నాడప్పా?"

"ఫ్రిజ్ ఎనకాల నిలబడ్డాడు. దుమ్మంతా అక్కడే ఉన్నట్టుంది."

"మా ఆయనకి బతికుండి కూడా అంత సూపు లేదే" అని దేముడమ్మ నవ్వుకుంటూ బిందె ఎత్తుకునేది.

శుభ్రం విషయంలో కుమారిది మునగపాకలో పుట్టింటి నుంచి తెచ్చుకున్న పద్ధతి. ముక్కు మండించే సీసా ఏదీ ఆమె చేత్తో ముట్టేది కాదు. ఇత్తడి బిందెలకి వాడేసిన చింతపండు పిప్పి, చిటికెడు రాళ్ల ఉప్పు. పొయ్యి గట్టు జిడ్డుకి శనగపిండి రుద్ది కుంకుడు రసంతో తుడుపు. సింకు వాసనొస్తే వంటసోడా చల్లి, పిండేసిన నిమ్మచెక్కలతో తోమి, మరిగిన నీళ్లు పోసేది. కిటికీ అద్దాలకి తడిపిన పాత పేపరు చాలు. ఫ్యాను రెక్కకి పాత దిండు గలేబు తొడిగి లాగేసేది, దుమ్మంతా ఆ గలేబులోనే ఉండిపోయి మంచం మీద ఒక్క నలక రాలేది కాదు. అలా తుడిచి తిరిగి చూస్తే మరక అక్కడ ఉండేది కాదు, ఇంకో గదికి వెళ్లిపోయేది. అదే ఆయన మెచ్చుకోలు.

ఒకటే చిక్కు, చీమలు. ఎంతైనా బెల్లం మార్కెట్ తల కదా. సత్తియ్య ఏ గోడ మీద ఉంటే ఆ గోడ మీదికి బారులు తీరేవి, ఎర్రచీమలూ నల్లచీమలూ. కుమారి కింద పసుపు గీత గీసేది. ఆయన గీతకి ఇవతల గోడకి వచ్చేవాడు, చీమలూ వచ్చేవి. తను ఒక్కతే ఉన్నప్పుడు అదేమంత బాధగా అనిపించలేదు.

కొడుకు త్రినాథ్ అచ్యుతాపురం దగ్గర మందుల కంపెనీలో షిఫ్టు పని. కోడలు లావణ్య చీడికాడలో పుట్టింట్లో పురుడు పోసుకుంది. ఆడపిల్ల. కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర మొదలయ్యేలోపు పిల్లని ఇంటికి తీసుకురావాలని అనుకున్నారు. జాతరకి ముందు ఈ ఊళ్లో ప్రతి ఇల్లూ బూజులు దులిపి, గోడలకి సున్నం వేయించుకుంటుంది. త్రినాథ్ ఈసారి సున్నం కాదు, పెయింటే వేయిస్తానన్నాడు. పెయింటర్ ధనరాజ్ వచ్చి గోడలన్నీ తట్టి చూశాడు. సత్తియ్య మరక దగ్గర ఆగి, దండం పెట్టి, తల గోక్కున్నాడు.

"ఏటనుకోకండమ్మా. నూని పీల్సిన గోడకి పెయింటు పట్టదు. ఇయ్యాల ఏత్తే ఎల్లుండికి పైకి తేలిపోద్ది. ముందు ఇది తీసెయ్యాలి."

ధనరాజ్ వెళ్లాక త్రినాథ్ తల్లి పక్కన కూర్చున్నాడు. ఆ మాట ఎలా ఎత్తాలో తెలియక చాలాసేపు చొక్కా గుండీ తిప్పుకున్నాడు.

"పెయింటు సంగతి కాదమ్మా. పాపని ఉయ్యాల్లో ఏత్తాం. నాయిన ఊరుకుంటాడా? అక్కడికే ఒచ్చి నిలబడతాడు. ఆయన ఎనకాల సీమలొత్తాయి. పసిపిల్లని కుడితే?"

ఆ సంగతి కుమారికి వాడికంటే ముందే తట్టింది. మనవరాలు పుట్టిందని ఫోనొచ్చిన రోజు నుంచీ అదే ఆలోచన. తాత ఉయ్యాల దగ్గరికి రాకుండా ఉంటాడా? ఉండడు. పిల్ల కావాలంటే ఆయన్ని పోగొట్టుకోవాలి. ఒకసారి పోగొట్టుకుంటే చాలదన్నట్టు ఇది రెండోసారి. అదీ తన చేత్తో.

"పెయింటర్ని ముట్టుకోనియ్యను. నేనే తీత్తాను" అంది చివరికి.

మర్నాడు మరక పెరటి వైపు, బాత్రూం తలుపు పక్క గోడ మీద ఉంది. ఆ మర్నాడూ అక్కడే ఉంది. వారం దాటినా కదల్లేదు. బాత్రూం టైల్స్ మీద బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుపోయి ఉంది, అది నిజమే. నిమ్మకాయతోనూ సోడాతోనూ రోజూ కొంచెం కొంచెం తీస్తే పోయేదే, కాకపోతే ఓపిక కావాలి. కుమారికి ఆ వారం లేనిది అదే.

ఆదివారం పొద్దున శనగపిండి గట్టిగా కలిపి మరక దగ్గరికి వెళ్లింది. తప్పుకుంటాడని అనుకుంది. చీపురు విసిరినప్పుడల్లా తప్పుకున్న మనిషే కదా. ఈసారి తప్పుకోలేదు. ముద్ద పెట్టి రుద్దుతుంటే, తలంటు పోయించుకునే పిల్లాడిలా కదలకుండా ఉన్నాడు. పిండి నూనె పీల్చుకుని ముదురు రంగుకి తిరిగింది. గోడ మీద అంచులు పలచబడ్డాయి. కొబ్బరి నూనె, బెల్లం కలిసిన వాసన ఒక్కసారి గుప్పుమంది. కుమారి చెయ్యి ఆగిపోయింది.

"తప్పుకోవేటి? ఒక్కసారైనా తిట్టవేటి నన్ను?" అంది గోడతో.

ఆ ముద్ద పెరట్లోకి విసిరేసి, ఒళ్లు తెలియని కోపంతో చుట్టూ చూసింది. ఆ కోపం ఆయన మీదో, పెయింటర్ మీదో, తన మీదో ఆమెకే తెలీదు. "వారం నుంచి ఇక్కడే నిలబడి బాత్రూమే సూపిత్తన్నావు కదా. ఈయేల దీని అంతు సూత్తాను" అనుకుంది. త్రినాథ్ ఎప్పుడో కొని తెచ్చి, ఆమె వద్దంటే అటక మీద పడేసిన యాసిడ్ సీసా దింపింది. వానాకాలంలో మున్సిపాలిటీ వాళ్లు ఇచ్చిన బ్లీచింగ్ పౌడర్ కూడా డబ్బాలో ఉంది. ఒకదాని ఘాటుకి ఇంకోదాని ఘాటు తోడైతే రెండింతలు తెల్లబడుతుందని ఎంతమంది అనగా వినలేదు. అన్నవాళ్లకి ఇన్నాళ్లూ ఆమే అడ్డంపడింది. ఆ రోజు తనకి అడ్డంపడేవాళ్లు లేరు.

పెరట్లో తాడు మీద పాప కోసం ఉతికిన పొత్తిగుడ్డలు ఆరుతున్నాయి. వాటికి ఈ పాడు వాసన పట్టకూడదని బాత్రూం తలుపు మూసి లోపల గడియ పెట్టుకుంది. ఆ గడియ కొత్తది. పాతది సత్తియ్య తలుపుకి ఆనుకుని ఆనుకుని వదులు చేస్తే, ఆయన పోయాక త్రినాథ్ పెద్ద మేకులు కొట్టి బిగించాడు. కుమారి నేలంతా యాసిడ్ పోసింది. అది బుసబుస పొంగుతుండగానే పైన పౌడర్ చల్లింది.

పచ్చటి పొగ లాంటిది లేచింది. ఒక్క పీల్పుకే గొంతు కోసుకుపోయింది. కళ్లు మూతలుపడిపోయి నీళ్లు కారుతుంటే గడియ కోసం గోడంతా తడిమింది. గడియ దొరకలేదు. దేముడమ్మని పిలుద్దామంటే దగ్గు తప్ప మాట రాలేదు. తలుపు మొదట్లోనే కూలబడింది. పాప ముఖం కూడా చూడలేదే అన్న ఒక్క ఆలోచన మాత్రం మెదిలింది.

అప్పుడు ఆమె తల పైన, లోపలి వైపు నుంచి, తలుపుకి ఎవరో బరువుగా ఆనుకున్న చప్పుడు వినబడింది. తీరిగ్గా, అలవాటుగా ఆనుకున్న చప్పుడు. గడియ మేకులు కిర్రుమన్నాయి. ఒకటి ఊడింది, రెండోదీ ఊడింది. తలుపు బార్లా పెరట్లోకి తెరుచుకుంది, దానితోపాటు కుమారి కూడా బయటికి, పొత్తిగుడ్డల కిందికి పడింది.

నీళ్లకి వచ్చిన దేముడమ్మ ఆమెని ఈడ్చుకెళ్లి వీధి అరుగు మీద గాలిలో పడుకోబెట్టింది. ఆసుపత్రిలో ఒక రాత్రి ఆక్సిజన్ పెట్టారు. తలుపు ఇంకాసేపు మూసి ఉంటే మనిషి దక్కేది కాదని డాక్టరు త్రినాథ్‌తో చెప్పాడు. రెండూ ఎప్పుడూ కలపకూడదని, కలిపితే విషవాయువు పుడుతుందని కోప్పడ్డాడు కూడా. త్రినాథ్ తల దించుకున్నాడు. కంపెనీలో అదే మాట గోడల మీద రాసి ఉంటుంది. రోజూ చదివే ఆ మాట ఇంటికి తెచ్చి చెప్పాలని వాడికి ఎన్నడూ తోచలేదు.

"గడియ ఎవరు తీసేరమ్మా?" అని అడిగాడు తల్లిని.

"ఆయనకి తియ్యడం ఎక్కడొచ్చురా? ఆనుకున్నాడు, అంతే" అంది ఆమె బొంగురు గొంతుతో.

ఇంటికి వచ్చాక ఆమె ముందుగా ఆ తలుపు దగ్గరికే వెళ్లింది. నీలం రంగు తలుపు లోపలి వైపు, మనిషి తల ఎత్తులో, కొబ్బరికాయంత మేర రంగు వెలిసిపోయి తెల్లగా ఉంది. పక్క గోడ మీద మరక లేదు. వంటింట్లో, ముందుగదిలో, ఫ్రిజ్ వెనకాల, ఎక్కడా లేదు. వారమంతా ఆయన అక్కడ నిలబడింది మురికి చూపించడానికో, ఇంకెందుకో, ఆమె ఆ తలుపు ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించింది.

ధనరాజ్ వచ్చి గోడలన్నిటికీ రంగు వేశాడు. బాత్రూం తలుపు దగ్గర బ్రష్ ఎత్తితే కుమారి వద్దంది. ఇల్లు మెరిసిపోయింది. చీమలు ఒక్కటి లేవు. అంతా అనుకున్నట్టే జరిగింది, ఇక పాప రావచ్చు. మర్నాడు పొద్దున కుమారి చీపురు పట్టుకుని ముందుగది మధ్యలో నిలబడింది. ఏ మూల నుంచి మొదలుపెట్టాలో తోచలేదు. అన్ని గోడలూ ఒక్కలాగే ఉన్నాయి. చీపురు అక్కడే వదిలేసి గుమ్మంలో కూర్చుండిపోయింది.

జాతర డప్పులు మొదలైన రోజు లావణ్య పాపతో దిగింది. స్నానం పోసి, పాపకి సాంబ్రాణి వేసి, ఆ పొత్తిలిని తెచ్చి అత్తగారి ఒళ్లో పెట్టింది. కొబ్బరి నూనె సీసా తెచ్చి, "జుట్టంతా సింపిరి అయిపోయింది అత్తయ్యా" అంటూ ఆమె తలకి ఇంత నూనె దట్టించింది. డాక్టరు దుమ్ములో పని చెయ్యొద్దన్నాడని చీపురు త్రినాథ్ తీసుకున్నాడు. బాత్రూం కూడా వాడే, నిమ్మచెక్కలూ సోడా పట్టుకుని, రోజూ ఇంత మేర తోముతున్నాడు.

పాప పిడికిలి విప్పి మళ్లీ మూసుకుంది. ఒళ్లో ఆ వెచ్చదనానికి కుమారి నడుము దానంతటదే వెనక్కి వాలింది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక ఆమె గోడకి ఆనుకుని కూర్చోవడం అదే మొదలు. ఇన్నేళ్లూ తీరిక దొరకలేదు, దొరికినా గోడ ఖాళీగా ఉండేది కాదు. తల వెనక గోడ చల్లగా, హాయిగా తగిలింది. దీన్లో ఇంత సుఖం ఉందని ఆ మనిషి ఒక్కనాడూ చెప్పలేదు.

త్రినాథ్ గది మధ్య ఊడ్చేసి, చేట కోసం వంగాడు. కుమారి తీరిగ్గా చూసింది, మళ్లీ చూసింది.

"ఒరే, ఆ మూల ఇంకా ఉంది" అంది.

త్రినాథ్ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తర్వాత తల తిప్పి తల్లి వైపు, ఆమె తల వెనక కొత్త రంగు మీద నూనె పట్టడం మొదలైన చోటు వైపు చూశాడు. చీపురు తీసుకుని ఆ మూలకి వెళ్లాడు. నిజంగానే ఉంది.