చెత్తకొండ యూపిరి

హేమంత ప్రాతఃకాలమున కొల్లేటి గట్టులపై బుట్టిన మంచు తెరలు తెరలుగా వచ్చి పట్టణపు పొలిమేరనున్న చెత్తకొండ నావరింపగా, ఆ కొండ తన గర్భమున కుళ్లుచున్న సమస్త పదార్థముల దుర్వాయువును వేయి రంధ్రముల గ్రక్కుచు పాదమూలమందలి గుడిసెల పసివాండ్రను దగ్గులతో మేలుకొలుపుచుండెను.

చేపల మేత వర్తకుడగు పబ్బిశెట్టి శంకరలింగమునకు ఎవరికిని అక్కరలేని ఆ దుర్వాయువే మూలధనము. మూతపడిన యొక ఐసు ఫ్యాక్టరీయు, అందలి పాత యినుపతొట్టియు, సూక్ష్మజీవశాస్త్రము చదివిన మేనకోడలు సువర్చలయు తక్కిన పెట్టుబడి. ఆ వాయువునే భుజించి వృద్ధిపొందు సూక్ష్మజీవులను ఆమె తొట్టిలో పెంచెను. వానిని ఎండబెట్టి పొడిచేసినచో అది చేపలకు బలమైన మేత యగును. కొండ యూపిరి గొట్టముల వెంట తొట్టిలోనికి పోవుకొలది గుడిసెలలో దగ్గు తగ్గుచుండెను.

అంతలో మంత్రి వచ్చి చూచునను వార్త వచ్చెను. మంత్రి యడుగుపెట్టు చోటనెల్ల బ్లీచింగు పొడి చల్లుట ఆ పట్టణమున తప్పని యాచారము. తెల్లవారక మునుపే మనుష్యులు వచ్చి దారులు తెల్లపరచి తొట్టిలోను రెండు బస్తాలు కుమ్మరించిరి. శంకరలింగము వచ్చునప్పటికి నురుగు చచ్చి నీరు సున్నపుతేటవలె నిశ్చలమై యుండెను.

"ఎవడయ్యా దీంట్లో పోసింది?"

"నేనే పోయించానండి శెట్టిగారూ," అని శానిటరీ యినస్పెక్టరు గవర్రాజు సగర్వముగా పలికెను. "తొట్టినిండా క్రిములంటగదండీ! ఒక్కటి మిగిలితే ఒట్టు."

"ఎదురుగా కొండంత కుళ్లు కనపళ్లేదుగానీ, దాన్ని తినేవాటిమీద పడ్డావటయ్యా!"

"కొండకెన్ని బస్తాలని పోస్తామండీ? తొట్టయితే రెండింటితో తేలిపోద్ది."

మంత్రి వచ్చి తొట్టిలోనికి తొంగిచూచి గట్టిగా గాలి పీల్చెను. "బ్రహ్మాండం శెట్టిగారూ! వాసనే లేదు."

"వాసనా లేదండి. ప్రాణమూ లేదండి."

ఆ మాట బాజాల మ్రోతలో కలిసిపోయెను. మంత్రి వర్తకుని భుజముల శాలువ కప్పి పూలదండలతో వెడలిపోయెను.

అప్పుడు సువర్చల యొక చిన్న క్యాను తెచ్చి యెదుట నిలిపెను. "మొన్న పెరుగుకి తోడు తీసినట్టు తొట్టిలోంచి కాస్త తీసుంచాను మావయ్యా. ఈ చలికి బతుకుతాయో లేదో."

శంకరలింగము శాలువ తీసి క్యానునకు చుట్టి బిగించెను.

కుళ్లును కాచినవారికి పూలదండలును, కుళ్లును దిని మేతగా మార్చినవానికి విషమును ఈయగలిగిన లోకమున వర్తకుడు తుదకు తేల్చుకొన్న లెక్క యిది. మరునాటి యుదయమున ఆ పట్టుశాలువ నడుమ పలుచని నురుగు మెల్లగా పొంగెను. లాభ మదియే. నష్టము కొండక్రింద దగ్గుచునే యుండెను.