తిన్న తర్వాత

ఆ రోజు పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. తూర్పున కాస్త తెరిపి ఇచ్చినట్టే ఇచ్చి మళ్ళీ మూసుకుంది. మబ్బులు కురవవు, కదలవు. ఆమె తడిబట్టల బకెట్టు పట్టుకుని డాబా మీద నిలబడి చూసింది. ఆరేస్తే తడుస్తాయేమో. ఆరేయకపోతే ముక్కిన వాసన వేస్తాయి. గాలి ఎటునుంచి వీస్తోందో ఒకసారి చూసి ఆరేసింది.

కింద నుంచి భర్త కేక వేశాడు.

"డాక్టరమ్మా, నా మందులు?"

మందులు ఎక్కడుంటాయో అతనికి తెలుసు. వంటింటి అలమరలో, పాత బిస్కెట్ల డబ్బాలో. అతని గుండెలో స్టెంటు వేసి రెండో ఏడు నడుస్తోంది. ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే వేశారు. వేసింది ఆమె కాదు. వేస్తున్నంతసేపూ తలుపు బయట అందరి భార్యల్లాగే నిలబడింది. అప్పటినుంచి అతని మాత్రలన్నీ ఆమె చేతి మీదుగానే వెళుతున్నాయి. చిన్న సాసర్లో మాత్రలు, పక్కన గ్లాసుతో నీళ్ళు. నీళ్ళు మరీ చల్లగా ఉండకూడదు. అతను పేపరు మీంచి చూపు తిప్పకుండా చెయ్యి చాపుతాడు. ఆ చెయ్యి సాసరు కోసం వెతుక్కోదు. అక్కడే ఉంటుందని దానికి తెలుసు.

కాలేజీలో లెక్కలు చెబుతాడతను. ఎప్పుడో చదువుకుని వెళ్ళిపోయిన పిల్లల పేర్లు వాళ్ళ తండ్రుల పేర్లతో సహా చెప్పగలడు. తన మాత్ర పేరేమిటంటే "తెల్లది" అంటాడు. రెండోది "ఇంకో తెల్లది".

ఆ తర్వాత అత్తగారి మాత్రలు. వాటిని సాసర్లో పెడితే ఆవిడకి ఆనవు, అరచేతిలో పొయ్యాలి. పోయించుకుంటూ ఆవిడ రోజూ ఒకటే అడుగుతుంది.

"నువ్వు వేసుకున్నావా అమ్మాయీ?"

"తిన్నాక వేసుకుంటానత్తయ్యా."

అత్తగారు మాత్రలు నోట్లో వేసుకుంటుంది.

ఆమెకి రక్తపోటు ఉంది. ఉదయం కుదరడం లేదని మాత్రను రాత్రికి మార్చుకుంది. రాత్రి అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, వంటింటి గట్టు దగ్గర నిలబడే నాలుగు ముద్దలు తిని, ఏదో మర్చిపోయాననుకుంటూ పడుకుంటుంది. ఒకసారి ఇంట్లో బీపీ మిషను పెట్టి చూస్తే ముల్లు పైపైకి పోయింది. భర్త నవ్వాడు. "ఊరందరికీ చెప్పే డాక్టరువి, నువ్వే మర్చిపోతే ఎలాగోయ్?" చెడ్డ నవ్వు కాదది. అతను చెడ్డవాడూ కాదు. అందుకే ఆ మాటకి ఏమని జవాబు చెప్పాలో ఆమెకి ఇప్పటికీ తోచలేదు.

"ఇవాళేగా సంతకం?" అన్నాడు గ్లాసు కింద పెడుతూ. "మీ పెద్దసారు మాట కాదనకు. ఇలాంటిది మళ్ళీ రాదు."

ఆమె తలాడించి, కారు తాళాలు తీసుకుంది. ఏమీ తినలేదు.

గుండెపోటు వచ్చి, గండం గడిచి, ఇంటికెళ్ళినవాళ్ళు ఏడాది తిరక్కుండానే మందులెందుకు మానేస్తారన్నది ఆమె పరిశోధన. విద్యార్థులకి పాఠం చెప్పేటప్పుడు అంటూ ఉంటుంది: "ఆసుపత్రికొచ్చిన మనిషిని బతికించడం మనం నేర్చుకున్నాం. ఇంటికెళ్ళిన మనిషిని బతికి ఉంచడం ఇంకా నేర్చుకోలేదు." దానికోసం ఏళ్ళ తరబడి ఇంటింటికీ ఫోన్లు చేయించింది. ఎవరు వేసుకుంటున్నారు, ఎవరు మానేశారు, మానేసినవాళ్ళు మళ్ళీ ఆసుపత్రికి వస్తున్నారా. లెక్క తేలింది. మగవాళ్ళు బాగా వేసుకుంటున్నారు. ఆడవాళ్ళు మానేస్తున్నారు. ఆ లెక్క కింద గుండెజబ్బుల విభాగాధిపతి పెద్దసారు తన చేత్తో చివరి వాక్యం చేర్చారు. స్త్రీ రోగులలో మందుల పట్ల అశ్రద్ధ ఎక్కువ.

ఆ వాక్యం కింద ఆమె సంతకం కావాలి. సంతకం పడితే వ్యాసం అచ్చవుతుంది. అచ్చయితే, ఇలాంటి ఆసుపత్రులు ఎన్నో కలిసి మొదలుపెట్టబోయే పెద్ద అధ్యయనం ఆమె చేతికొస్తుంది. ఆమె ఇంతకాలం కోరుకున్నది అదొక్కటే.

ఓపీలో మొదట వచ్చింది లారీ డ్రైవరూ, అతని భార్యా.

"మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?"

డ్రైవరు భార్య వైపు తిరిగాడు. ఆ తిరగడం ఆమె ఇంతకుముందు వేలసార్లు చూసి ఉంటుంది. చూసిన ప్రతిసారీ మర్చిపోయింది. ప్రశ్న మగవాడిది, జవాబు పక్క కుర్చీలో ఉంటుంది.

"పొద్దున రెండమ్మా, రాత్రొకటి," అంది భార్య. "ఆ గుండ్రటిది సగం విరిచి ఇస్తున్నాను. బండి మీద ఉంటే ఫోన్ చేస్తాను. లైన్లో ఉండగానే మింగాలి, మింగినట్టు నాకు వినపడాలి."

"ఒక్కపూట తప్పలేదండీ నేను," అన్నాడు డ్రైవరు, ఛాతీ కాస్త ముందుకు పెట్టి.

తర్వాత వచ్చినామె బట్టలు కుట్టే మనిషి. చూపుడువేలి కొసంతా సూదిపోట్లు. గుండెపోటు ఒకసారి వచ్చి వెళ్ళింది. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం, కాళ్ళ వాపు. మందులు ఆగినట్టు కాళ్ళే చెబుతున్నాయి. నోరు తెరిచేలోపు వెనక నిలబడిన భర్త అందుకున్నాడు.

"నేను చెబుతూనే ఉన్నానండీ. వింటేగా! ఉత్త అశ్రద్ధ."

ఆ మాట వినగానే ఆమె కలం ఆగింది. అతన్ని రిపోర్టు తెమ్మని ల్యాబుకి పంపించి, తలుపు దగ్గరికి వేయించింది.

"నిజం చెప్పండమ్మా, నేనేమీ అనను. ఎందుకు మానేశారు?"

"నేను మానెయ్యలేదమ్మా." ఆ మనిషికి కోపమొచ్చింది. "పొద్దున తిన్న తర్వాత అని కవరు మీద మీరే కదా రాసిచ్చారు? తినకుండా వేసుకుంటే కడుపులో పుండు పడుతుందని నర్సమ్మ మరీ మరీ చెప్పింది. అందరికీ వండి పెట్టి, పంపించి, మిషను ముందు కూర్చుంటే, నేను తినేసరికి ఏ మధ్యాహ్నమో అవుతుంది. పొద్దుటి మాత్ర మధ్యాహ్నం మింగమంటారా? తిన్న రోజు వేసుకుంటాను, తినని రోజు లేదు. మీరు చెప్పినట్టే చేస్తున్నాను."

"మరి పొద్దున ఎందుకు తినరు?"

ఆ మనిషి ఆమె వంక కొంచెం జాలిగా చూసింది.

"మీకు వంటమనిషి ఉంటుందేమోలెండి," అంది.

పొద్దుటినుంచి తనూ ఏమీ తినలేదని ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. మాత్ర కవరు తీసి చూసింది. తన దస్తూరీయే. పొద్దున తిన్న తర్వాత. చదువు మొదలైన నాటినుంచి రాస్తున్న మాట. రాసినప్పుడల్లా తన మనసులో ఒక మనిషి ఉండేవాడు. పొద్దున లేచి, బల్ల ముందు కూర్చుంటే, ఎవరో తెచ్చి ముందు పెడితే తినేవాడు. ఆ మనిషికి ఎప్పుడూ మీసాలే ఉన్నాయి. రక్తనాళం ఎంత పూడిందో వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పగలిగే తను, ఒక ఆడమనిషి పొద్దున ఎన్నింటికి తింటుందో ఎవర్నీ అడగలేదు. తనని తాను అడిగినా సరిపోయేది. మగవాళ్ళు మాత్రలు వేసుకుంటున్నారని కదా లెక్క తేలింది. వాళ్ళు వేసుకోవడం లేదు, వాళ్ళకి వేస్తున్నారు. అన్ని ఇళ్ళలో, అన్ని పూటలా, జీతంలేని నర్సులు గ్లాసులతో నీళ్ళు పట్టుకుని నిలబడితే వచ్చిన అంకె అది. ఆ నర్సులకే జబ్బు చేస్తే నీళ్ళిచ్చే చెయ్యి లేదు. దాని పేరు అశ్రద్ధ.

కవరు మీది మాట కొట్టేసి రాసింది. ఏదో ఒకటి నోట్లో వేసుకుని, లేవగానే. "మొదటి పని ఇదేనమ్మా," అంది. "పొయ్యి తర్వాత వెలిగించండి." వాపుకి ఇంకో మాత్ర రాసి, వారంలో మళ్ళీ రమ్మంది.

మధ్యాహ్నం వాన కురిసి వెలిసింది. ఆమె పెద్దసారు గదికి వెళ్ళింది. ఆమెకి స్టెతస్కోపు పట్టడం నేర్పింది ఆయనే. గుండెలో గుసగుసలాంటి తేడా చప్పుడు మొదటిసారి వినిపించనప్పుడు, "కళ్ళు మూసుకోమ్మా, వినపడుతుంది" అన్నది ఆయనే. వచ్చే నెల రిటైరవుతున్నారు. గదిలో పుస్తకాలు అప్పుడే అట్టపెట్టెల్లోకి ఎక్కుతున్నాయి.

"రామ్మా. పెట్టేశావా సంతకం?"

"చివరి వాక్యం తీసేద్దాం సార్. ఆ ఆడవాళ్ళందరికీ మళ్ళీ ఫోన్ చేయిస్తాను. రెండే ప్రశ్నలు. మాత్ర మీ చేతికి ఎవరిస్తారు, పొద్దున మీరు ఎప్పుడు తింటారు. మగవాళ్ళనీ అవే అడుగుదాం."

ఆయన కళ్ళజోడు తీశారు.

"ఇది గుండెజబ్బుల విభాగమా, కాపురాల విభాగమా?"

"రెండూ ఒక ఇంట్లోనే ఉన్నాయి సార్."

ఆయన నవ్వబోతుంటే ఫోన్ మోగింది. "ఆఁ... ఆఁ... వేసుకుంటున్నా," అని పెట్టేసి, చొక్కాజేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి, విప్పి, మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగారు. ఆమె ఆ పొట్లం వైపే చూస్తోంది. ఎంత పొందిగ్గా మడిచారో దాన్ని.

"ఆ పొట్లం ఎవరు కట్టారు సార్?"

ఆయన చేతిలో కాగితం వైపు చూసుకున్నారు. తర్వాత ఉండచేసి బుట్టలో వేశారు.

"మాట బాగానే ఉందమ్మా. కానీ ఆ ఫోన్లన్నీ అయ్యేసరికి నేనుండను. ముందు సంతకం పెట్టు. పెద్ద అధ్యయనం చేతికొచ్చాక నీ ప్రశ్నలు నువ్వడుక్కో, ఎవరొద్దంటారు?"

"ఆ మాట ఒకసారి అచ్చయితే ప్రతి వార్డులోనూ అదే చెబుతారు సార్. మొగుళ్ళు ఇప్పటికే చెబుతున్నారు."

"నువ్వు కాదంటే అది అల్లుడుగారికి పోతుంది. చూసుకో మరి."

అల్లుడుగారంటే ఆ విభాగంలోని ఇంకో డాక్టరు. ఎవరికీ అల్లుడు కాదు. వచ్చినప్పుడే వేళ, కూర్చున్నచోటికే కాఫీ, అందుకని నర్సులు పెట్టిన పేరు. తీసిపారేయాల్సిన డాక్టరేమీ కాదు. కానీ ఆ రెండు ప్రశ్నలూ అతను అడగడు. అతనికి అవి ప్రశ్నల్లా కనపడవు.

"రేపటిదాకా ఆలోచించుకో," అన్నారు పెద్దసారు మెత్తగా. "మీ ఆయన్ని కూడా ఒకమాట అడుగు."

ఆమె ఇంటికి వచ్చేసరికి డాబా మీద బట్టలు తీగ మీదే ఉన్నాయి. నీళ్ళు కారుతున్నాయి. భర్త మధ్యాహ్నమే వచ్చి, కిటికీ పక్కన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాడు.

"వాన పడితే బట్టలు తియ్యలేదా?"

"బట్టలున్నాయని నువ్వు చెప్పలేదుగా!"

ఆమె వెళ్ళి ఒక్కోటీ పిండి మళ్ళీ ఆరేసింది. కిందికి వచ్చి కూర తరుగుతూ సంగతంతా చెప్పింది. అతను ఎర్రకలం పక్కన పెట్టి విన్నాడు.

"ఒక్క మాటే కదోయ్! ఆ ఒక్క మాట కోసం ఇన్నేళ్ళ కష్టం వదులుకుంటావా?"

"ఏం మాటరా అది?" అంది అత్తగారు మంచం మీంచి.

"ఆడవాళ్ళకి మందులంటే అశ్రద్ధ అనత్తయ్యా," అంది ఆమె.

అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది.

"మీ మామగారు పోయినప్పుడు డాక్టరు ఏమన్నాడో తెలుసా? ఎంత పద్ధతైన మనిషండీ, ఒక్క మాత్ర కూడా తప్పలేదు, అన్నాడు." దుప్పటి అంచు సరిచేసుకుంది. "నేను పక్కనే ఉన్నాను."

కొడుకు తల్లి వైపు చూశాడు. మళ్ళీ పేపర్ల వైపు చూశాడు. కలం తియ్యలేదు.

ఆమె చేతులు తుడుచుకుని, ఫోన్ తీసి పెద్దసారుకి మెసేజి రాసింది. నమస్కారం సార్. ఆ వాక్యం ఉంటే నా పేరు తీసెయ్యండి. ఆ ఇళ్ళకి నేనే ఫోన్లు చేసుకుంటాను. పంపించి, ఫోన్ బోర్లించి పెట్టింది. పెద్ద అధ్యయనం పోయింది. ఏడుపొస్తుందేమోనని చూసింది. రాలేదు. అన్నం ఉడికిన వాసన వచ్చింది. ఆకలి వేసింది.

ఆ రాత్రి ఆమె వడ్డించలేదు. గిన్నెలన్నీ తెచ్చి బల్ల మధ్యలో పెట్టి, మూడు కంచాలు వేసి, మూడో కంచం ముందు తను కూర్చుంది. భర్త ఒక్క క్షణం ఆగి, తనే పెట్టుకున్నాడు. తల్లికీ పెట్టాడు. కిటికీ బయట చూరు నుంచి ఇంకా ఒక్కో చుక్క పడుతోంది.

సగం తిన్నాక అతని చెయ్యి అలవాటుగా పక్కకి జరిగింది. అక్కడ సాసరు లేదు. అతను ఆమె వైపు తిరిగాడు. పొద్దున డ్రైవరు తిరిగినట్టే. ఆమె తల ఎత్తలేదు. అన్నం కలుపుకుంటూనే ఉంది. అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ నీళ్ళు తాగుతోంది.

అతను లేచి వెళ్ళాడు. అలమర తలుపు కిర్రుమంది. బిస్కెట్ల డబ్బా తెచ్చి కంచం పక్కన పెట్టుకుని, కళ్ళజోడు సవరించుకుని, ఒక్కో స్ట్రిప్పు వెలుతురుకి ఎత్తి చదవసాగాడు. పెదవులు కదులుతున్నాయి. చాలాసేపు పట్టింది. ఆమె పక్కచూపుతో చూస్తూనే ఉంది. తప్పు తీస్తే ఆపేది. తియ్యలేదు. తనది తను తీసుకున్నాడు. తల్లిది తల్లి అరచేతిలో వేశాడు. ఇంకొకటి మిగిలింది. తిప్పి చూశాడు. దాదాపు నిండుగానే ఉంది. కొన్న తేదీ చూశాడు. దాన్ని తీసి ఆమె కంచం పక్కన పెట్టాడు. తమ ఇద్దరిదీ కాదు గనుక పెట్టాడో, మరెందుకో, ఆమె అడగలేదు.

ముగ్గురూ మళ్ళీ తినసాగారు. ఆమె తొందరపడలేదు. కూర ఇంకొంచెం వేసుకుంది. మజ్జిగ పోసుకుంది. కంచం ఖాళీ అయ్యేదాకా కూర్చునే తింది.

తిన్న తర్వాత, మాత్ర వేసుకుంది.