లైట్లు చూసి చెప్పే మనిషి

"వచ్చెనా?" డ్రైవర్ సీట్లోంచి రఫీక్ అరిచాడు.

"ఎడమది వచ్చె. కుడిది పాయ," బండికి ఎదురుగా నిలబడ్డ కుళ్ళాయప్ప బదులిచ్చాడు.

పెనుకొండ పాత రోడ్డు మీద రఫీక్‌ది బండ్ల కరెంటు పని. పక్క రేకుల కొట్టంలో కుళ్ళాయప్ప పంక్చర్లు వేస్తాడు. లైట్ల పనికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల స్విచ్చి వేస్తే ఇంకొకరు ముందర నిలబడి చెప్పాలి. ఒక్కడే అయితే ఎక్కడం, దిగడం, చూడడం. లైటు వెలిగేలోగా మోకాళ్ళు అరిగిపోతాయి. ఇరవై ఏళ్ళకు పైగా ఆ చెప్పే పని కుళ్ళాయప్పదే. జీతం లేదు, పిలవనక్కర్లేదు, స్విచ్చి చప్పుడు వింటే చాలు, చేతిలో ట్యూబు వదిలేసి వస్తాడు. భార్య షాహిదా పోయాక రఫీక్ ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. కొన్ని రోజులు అతను విన్న మాటలన్నీ ఈ 'వచ్చె', 'పాయ'లే. అవే చాలనుకుని బతుకుతున్నాడు.

ఈ రోజు బండి మాత్రం వేరు. కుళ్ళాయప్ప సామాను బెంగుళూరు చేర్చడానికి ధర్మవరం నుంచి వచ్చిన పాత టెంపో. ఇప్పుడన్నీ ట్యూబ్‌లెస్ టైర్లు, బండ్లన్నీ హైవే మీదే పోతున్నాయి, పంక్చర్ల పని పడిపోయింది. కుళ్ళాయప్ప భార్య మునెమ్మ ముందే వెళ్ళి అక్కడ ఇళ్ళలో పని చేస్తోంది. ఇప్పుడు ఇతనికీ ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్ పని కుదిరింది. రేపు పొద్దున డ్యూటీలో లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారట. తీరా చూస్తే టెంపో లైట్లకు తిక్క పుట్టింది. ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైట్లు కొట్టుకుంటాయి, హెడ్‌లైట్ వేస్తే కుడివైపుది మసకబారి ఆరిపోతుంది. చీకట్లో అలా పోలేరు.

వినగానే రఫీక్‌కు రోగం తెలిసిపోయింది. కుడి లైటు వెనకాల ఎర్త్ వైరును బాడీకి బిగించే బోల్టు తుప్పు పట్టి ఉంటుంది. విప్పి, గీకి, బిగిస్తే బీడీ కాల్చినంత సేపు పని. కానీ అతను ఆ వైపే పోలేదు. ఫ్యూజులు పీకి చూశాడు. స్విచ్చి ఊడదీశాడు. బాగున్న వైర్లకు కొత్త టేపు చుట్టాడు. గ్రీజు ఇంకిపోయిన ఆ లావుపాటి వేళ్ళు నటిస్తుంటే అతనికే సిగ్గుగా ఉంది. సాయంత్రానికి బండి కదలకపోతే ఆ వాచ్‌మన్ పని పోతుంది, కుళ్ళాయప్ప ఇక్కడే ఉండిపోతాడు. రఫీక్ ఆశంతా అదే.

"ఏమప్పా, అయితాదా లేదా?" మధ్యాహ్నం డ్రైవర్ చంద్రశేఖర్ అడిగాడు.

"చూస్తాండా. పాత బండి గదా, యాడ పోయిందో చిక్కల్యా," అన్నాడు రఫీక్, అతని మొహం చూడకుండా.

కుళ్ళాయప్ప పొద్దంతా ఎదురుగానే నిలబడ్డాడు. అడిగిన ప్రతిసారీ చెప్పాడు. కొండ నీడ రోడ్డు మీదికి వచ్చి, డ్రైవర్ టీ తాగడానికి పోయాక, కిటికీ దగ్గరికి వచ్చాడు.

"రఫీకూ, ఎర్తు చూసినావా?"

రఫీక్ చేతిలోని టేపు చుట్ట పక్కన పెట్టాడు.

"ఇన్నేండ్లు ముందర నిలబడినోన్ని, ఆ మాత్రం తెలీదా నాకు? పొద్దున్నే చెబుదామనుకున్యా. నోరు రాల్యా అబ్బా." కుళ్ళాయప్ప కిటికీ అంచు పట్టుకున్నాడు. "మునెమ్మ ఆడ ఒక్కతే ఉండాది. బాగు చెయ్యప్పా. పోవాల."

రఫీక్ దిగి, లైటు వెనక్కి వంగాడు. తుప్పు గీకాడు, బోల్టు బిగించాడు. మళ్ళీ సీట్లో కూర్చుని స్విచ్చి వేశాడు. ఈసారి అడగలేదు.

"వచ్చె," అన్నాడు కుళ్ళాయప్ప. "రెండూ వచ్చె."

సామాను ఎక్కించడానికి ఎక్కువ సేపు పట్టలేదు. టెంపో మలుపు దాకా పోయింది. వెనక ఎర్ర లైట్లు రెండూ సరిగ్గా వెలుగుతున్నాయి. ఒకటి ఆరిపోతే బాగుండునని రఫీక్ అనుకున్నాడు, వెంటనే తనను తానే తిట్టుకున్నాడు. బండి హైవే ఎక్కింది. ఏడుపొచ్చింది, చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి ఏడ్చాడు.

పక్క కొట్టం ముందర, ట్యూబులు ముంచి చూసే సిమెంటు తొట్టి బండిలో పట్టక ఉండిపోయింది. ఆ రోజే పోతున్నా, అలవాటుగా కుళ్ళాయప్ప పొద్దున నింపిన నీళ్ళు అందులో నిండుగా ఉన్నాయి.