మూడో గది మోత

బోధన్ రోడ్డు మీది ఆ కోల్డ్ స్టోరేజీలో ఏప్రిల్ నెలంతా ఫోను మోగుతూనే ఉంటుంది. పసుపు బస్తాలు దిగే కాలం. మూడో గది తలుపు తీసినప్పుడల్లా లోపలి చలి తగ్గుతుంది. గోడకున్న యంత్రం ఆ సంగతి పసిగట్టి రాధాబాయి ఫోనుకు కబురు పంపుతుంది. ఆమె ‘చూశాను’ అని నొక్కేదాకా అది ఊరుకోదు.

రాధాబాయికి అరవై దాటాయి. మందుల చీటీలు, బస్తాల మీది పేర్లు కూడబలుక్కుంటూ చదువు తనంతట తానే నేర్చుకుంది. ఆ చదువు చూసే ఈ కాపలా కుర్చీ ఇచ్చారు. కానీ ఆమె ఆ కుర్చీలో కూర్చునేది తక్కువ. అంతకుముందు పని చేసినవాళ్లు కూర్చున్నచోటే నొక్కేసేవాళ్లు. ఈమె మాత్రం లేచి వెళ్లి, కళ్లారా చూసి వచ్చాకే నొక్కుతుంది.

ఆ రోజు పదకొండు కాకముందే డెబ్బైసార్లు మోగింది. మేనేజర్ మధుకర్ విసుగ్గా వచ్చాడు.

“రాధక్కా, గీ మోతకు తలకాయ పలుగుతున్నది. మిషన్ పెట్టిన హైదరాబాదోళ్లతోని మాట్లాడిన. మూడో గదిల ఎన్ని కబుర్లున్నా అన్ని కలిపి నాలుగేసి గంటలకు ఒక్కపారే వస్తయ్ ఇగ. నీ ఫోన్‌కు ఓటీపీ వచ్చింది సూడు, చెప్పు.”

కాపలా మనిషి ఫోనుకు వచ్చిన ఆ ఆరంకెలు చెబితే తప్ప యంత్రంలో ఏ మార్పూ జరగదు.

“చలి కబుర్లు ఆపుకోండ్రి సార్. మరి గ్యాసు కబురో?”

ఆ గది కప్పు కింద అమ్మోనియా గొట్టాలు పోతాయి. అవి కారినా చెప్పేది ఆ యంత్రమే.

“అదిగూడ గండ్లనే కలుస్తది. దేనిది దానికి ఇడగొట్టాలంటే ఆడికెల్లి మనిషి రావాలె, వారం పడ్తది.”

“లోపల హన్మవ్వోళ్లు ఐదుగురు బస్తాలు కుడుతున్నరు సార్.”

“పొద్దున రెండుసార్లు గ్యాసని మోగింది. పోయి సూసినవ్ గదా. ఏమున్నది?”

“ఏం లేదు.”

నిజమే. పాత మెకానిక్ నేర్పినట్టు గంధకం కడ్డీ అంటించి గొట్టాల అతుకుల దగ్గరల్లా పట్టుకుంది. గ్యాసు కారితే అక్కడ తెల్లటి పొగ లేస్తుంది. ఎక్కడా లేవలేదు.

“మరింకేంది? చెప్పు.”

అంకెలు కళ్ల ముందే ఉన్నాయి. ఆమె భర్త బాలనర్సయ్య నాందేడ్‌లో పని చేసే రోజుల్లో పూటకు పదిసార్లు ఫోను చేసేవాడు. ఏం కూర వండావంటాడు, వాన పడిందా అంటాడు. ఒక పెళ్లిలో విసుగొచ్చి ఆమె ఫోను నోరు నొక్కేసింది. సాయంత్రం చూస్తే పదకొండు పిలుపులు. తిరిగి చేస్తే వేరే ఎవరో ఎత్తి, ఆస్పత్రి పేరు చెప్పారు. ఆఖరిసారి ఆయన ఏం చెప్పబోయాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

“చెప్ప సార్.”

“ఏందీ?”

“ఓటీపీ చెప్ప.”

మధుకర్ నవ్వబోయి మానుకున్నాడు. “అయితే సోమవారం సంది రాకు. కుర్సీల కూసునేటోళ్లు దొర్కరా?”

“దొర్కుతరు. ఆళ్ల నంబర్ ఎక్కిచ్చుకోండ్రి. సోమవారం దాక నంబర్ నాదే.”

అనేసి గంధకం కడ్డీ చేతిలోకి తీసుకుంది. సోమవారం ఆ కుర్చీలో కూర్చునే మనిషి ఆరంకెలూ చెప్పేస్తే? లోపలివాళ్లకు తెలిసేదెలా? ఆమె నేరుగా మూడో గదికి నడిచింది.

“ఏందక్కా, మల్ల కడ్డీ పట్టుకొని వచ్చినవా? ఎన్నిపార్లు ఊదుబత్తి ముట్టిస్తవ్ మాకు?” అంది హన్మవ్వ. మిగతా ఆడవాళ్లు కిసుక్కుమన్నారు.

రాధాబాయి ఉన్నదున్నట్టు చెప్పింది. నవ్వులు ఆగిపోయాయి. హన్మవ్వ దబ్బనం బస్తాకు గుచ్చి లేచింది.

“నాలుగు గంటలా? గంతసేపు నా మొగడు గూడ నా కోసం ఎదురుసూడడు. నడువుండ్రే.”

ఐదుగురూ బయటికొచ్చి లారీ నీడన కూర్చున్నారు. ఒకామె సంచిలోంచి తునికాకు, కత్తెర తీసి బీడీలకు ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

మధుకర్ పరుగున వచ్చాడు. “ఏం కూసున్నరు? బస్తాలు కుట్టకుంటే లారీ ఎట్ల కదుల్తది?”

“కుడ్తం సార్,” అంది హన్మవ్వ. “ముందుగాల్ల మీరు గా గొట్టాల కింద కుర్సీ ఏసుకొని నాలుగు గంటలు కూసోండ్రి. ఫోన్ గూడ మోగది, సల్లగుంటది. మీరు బయటికొచ్చినంక మేం పోతం.”

లారీ డ్రైవర్ హారన్ కొట్టాడు. మధుకర్ గది తలుపు వైపు ఒకసారి, రాధాబాయి వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఫోను తీసి హైదరాబాదుకు కలిపాడు.

“గ్యాసుది ఇడగొట్టుండ్రి... వారమైతే వారమే... అప్పటిదాకనా? అప్పటిదాక మోగనీ.” ఫోను జేబులో వేసుకుంటూ, “నీ సోమవారం సంగతి మాత్రం సోమవారమే చెప్త,” అన్నాడు రాధాబాయితో.

“చెప్పుండ్రి సార్. ఇంటికాడ ఉంట.”

అంతలో ఆమె చేతిలో ఫోను మళ్లీ మోగింది. హన్మవ్వ లేవబోయింది. రాధాబాయి ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

“నేను పోయి సూసొస్త. అచ్చి చెప్పిందాక ఎవ్వలు లేవకుండ్రి.”

కొంగు నడుముకు దోపుకుని, మధుకర్ పక్కనుంచే, తొందరపడకుండా లోపలికి వెళ్లింది.